ఎవరూ చూడనప్పుడు కూడా లెక్క రాసే గేమ్: 1985 నాటి అల్టిమా 4 మొదటిసారి ఆడితే

వినుకొండ నుంచి మళ్లీ వచ్చేశాను. ఈ రోజు మాట్లాడుకోబోయే గేమ్ వయసు చెప్తే మీలో సగం మంది వీడియో స్కిప్ కొట్టేస్తారేమో. 1985లో వచ్చింది. నేను పుట్టడానికి పదేళ్లకి పైగా ముందు. గ్రాఫిక్స్ అంటే చిన్న చిన్న గళ్లు, అంతే. పీసీ డాస్ వెర్షన్‌లో అయితే మ్యూజిక్ కూడా లేదు. పేరు అల్టిమా 4, క్వెస్ట్ ఆఫ్ ది అవతార్.

అయినా దీని మీద ఒక ఎపిసోడ్ ఎందుకంటే, మన ఫోన్‌లో ఉన్న గేమ్స్ అన్నీ అడిగేది ఒకటే: నీ స్కోర్ ఎంత? ఈ గేమ్ స్కోర్ చూపించదు. నువ్వు ఎవరితో ఎలా ఉన్నావో వెనకాల రాసుకుంటూ పోతుంది. చివరికి గెలుపు కూడా దాన్ని బట్టే.

ముందు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్. మనం ఒక పాత్ర తీసుకుంటాం, ఊళ్లు తిరుగుతాం, రాక్షసుల్ని కొడతాం, డబ్బులు, కత్తులు పోగేసుకుంటాం, లెవెల్ పెంచుకుంటాం, ఆఖర్లో పెద్ద విలన్‌ని లేపేస్తే కథ కంచికి. కంప్యూటర్లో ఈ పద్ధతిని నిలబెట్టిన పాత సిరీస్‌లలో రెండు బాగా పెద్దవి: విజార్డ్రీ, అల్టిమా. రెండూ 1981లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద మొదలైనవే.

అల్టిమా చేసినతను రిచర్డ్ గారియట్. వాళ్ల నాన్న ఓవెన్ గారియట్ నాసా వ్యోమగామి, 1973లో స్కైల్యాబ్‌లో ఉండి వచ్చాడు. కొడుకు కూడా 2008లో సొంత డబ్బుతో అంతరిక్ష కేంద్రానికి వెళ్లొచ్చాడు, అది వేరే కథ. కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక కంప్యూటర్ షాపులో పని చేస్తూ అకలబెత్ అనే గేమ్ రాసి, డిస్కుల్ని ప్లాస్టిక్ కవర్లలో పెట్టి అదే షాపులో అమ్మాడు. అది 1979. అక్కడి నుంచే అల్టిమా పుట్టింది.

ఇప్పుడు అసలు మలుపు. 1983లో అల్టిమా 3 వచ్చింది. దాన్ని సొంత కంపెనీ ఆరిజిన్ ద్వారా అమ్మాడు కాబట్టి, ఆడినవాళ్ల ఉత్తరాలు నేరుగా తన చేతికే వచ్చాయి. చదివితే ఏముంది? నేను ఊళ్లో షాపులన్నీ దోచేశాను, అడ్డొచ్చిన జనాన్ని చంపేశాను, అలా గెలిచాను అని రాస్తున్నారు. అంటే, లోకాన్ని కాపాడాల్సిన హీరో ఆ లోకంలో ఉన్న వాళ్లందరినీ కొట్టుకుంటూ పోతున్నాడన్నమాట. తప్పు ఆడేవాళ్లది కూడా కాదు. అలా చేస్తేనే త్వరగా గెలిచేలా గేమ్ ఉంది. అందుకని తర్వాతి గేమ్‌లో రూల్ మార్చేశాడు. ఇందులో విలన్ లేడు. రాజుని చంపక్కర్లేదు, రాక్షసుడిని చంపక్కర్లేదు. నువ్వు మంచి మనిషివి అవ్వాలి, అంతే. ఆ స్థాయికి చేరినవాడికి పెట్టిన పేరు అవతార్.

అవును, మన అవతారమే. హిందూ సంప్రదాయం నుంచే ఆ మాట తీసుకున్నాడు. ఈ రోజు వాట్సాప్‌లో మన బొమ్మని కూడా అవతార్ అనే అంటున్నాం కదా, గేమ్స్‌లోకి ఆ మాట వచ్చిన తొలిరోజుల్లో ఇది ఒకటి. మరుసటి ఏడాది, 1986లో, లూకాస్‌ఫిల్మ్ వాళ్ల హాబిటాట్ అనే ఆన్‌లైన్ గేమ్ తెర మీద బొమ్మకి అదే మాట వాడింది. కాకపోతే ఒక తేడా గమనించండి. మనకి అవతారం అంటే దేవుడు కిందకి దిగి రావడం. ఈ గేమ్‌లో మాత్రం మామూలు మనిషి ఒక్కో మెట్టూ పైకి ఎక్కడం.

సరే, గేమ్ ఆన్ చేశాం. మామూలుగా ఏం వస్తుంది? బలం ఎంత, తెలివి ఎంత అని నంబర్లు సెట్ చేసుకోమంటారు. ఇక్కడ అదేం లేదు. ఒక జోస్యం చెప్పే ఆవిడ దగ్గర కూర్చోబెడతారు. ఆవిడ కార్డులు తీసి ప్రశ్నలు వేస్తుంది. ఉదాహరణకి: లెక్కపెట్టని నాణేల సంచి ఒకటి నీకు అప్పగించారు, వేరే చోట అందజేయాలి. దారిలో ఒక బిచ్చగాడు కనపడ్డాడు. సంచి ఉన్నదున్నట్టు అందజేస్తావా, ఒక నాణెం పోతే తెలియదులే అని అతనికి ఇస్తావా? ఒక వైపు నిజాయితీ, ఇంకో వైపు దయ. రెండూ మంచివే. ఒకటే ఎంచుకోవాలి.

మొత్తం 8 సుగుణాలు, 7 ప్రశ్నలు. ఎందుకు 7? మన ఊళ్లో నాకౌట్ క్రికెట్ టోర్నమెంట్ లాంటిదే. ఎనిమిది టీములైతే మొదటి రౌండ్‌లో 4 మ్యాచ్‌లు, సెమీస్ 2, ఫైనల్ 1. చివరికి మిగిలిన గుణమే నీ పాత్రని నిర్ణయిస్తుంది. నిజాయితీ అయితే మాంత్రికుడు, ధైర్యం అయితే యోధుడు, దయ అయితే పాటగాడు. వినయం గెలిచిందనుకోండి, గొర్రెల కాపరి. చేతిలో సరైన ఆయుధం ఉండదు, మంత్రం రాదు, మొదలయ్యేది పాడుబడ్డ ఊరి దగ్గర. అందరికన్నా కష్టమైన మొదలు వాడిదే.

ఈ 8 గుణాలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్తే బీటెక్ వాళ్లకి భలే నచ్చుతుంది. సత్యం, ప్రేమ, సాహసం అని మూడు మూలాలు. వీటిని స్విచ్‌లు అనుకోండి. సత్యం ఒక్కటే ఆన్ అయితే నిజాయితీ. ప్రేమ ఒక్కటే అయితే దయ. సాహసం ఒక్కటే అయితే ధైర్యం. సత్యం, ప్రేమ కలిస్తే న్యాయం. ప్రేమ, సాహసం కలిస్తే త్యాగం. సత్యం, సాహసం కలిస్తే గౌరవం. మూడూ ఆన్ అయితే ఆధ్యాత్మికత. మూడూ ఆఫ్ అయితే? వినయం. మూడు బిట్లు, ఎనిమిది కాంబినేషన్లు, ఒక్కటి కూడా వదల్లేదు. సున్నా సున్నా సున్నా దగ్గర వినయాన్ని పెట్టడం చూడండి. నా దగ్గర ఏమీ లేదు అనుకునే చోట మొదలవుతుంది అది.

ఇక ఆట. మన వినుకొండకి ఆ పేరు ఎలా వచ్చిందో చిన్నప్పుడు పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. సీతమ్మని ఎత్తుకెళ్లిన సంగతి రాముడు ఇక్కడ విన్నాడట, అందుకే విను కొండ. ఈ గేమ్ కూడా వినే గేమే. ఎక్కడికి వెళ్లాలో బాణం గుర్తు చూపించదు, మ్యాప్ మీద చుక్క పెట్టదు. ఊళ్లో ప్రతి మనిషి దగ్గరికి వెళ్లి పేరేంటి, పనేంటి, ఆరోగ్యం ఎలా ఉంది అని టైప్ చేసి అడగాలి. వాళ్ల జవాబులో ఒక కొత్త మాట ఉంటుంది. దాన్ని మళ్లీ అడగాలి. ఒక ఊళ్లో ఒకరు చెప్పిన మాటని ఇంకో ఊళ్లో ఇంకొకరిని అడిగితేనే విషయం బయటకి వస్తుంది. పక్కన నోట్‌బుక్ లేకుండా ఈ గేమ్ ఆడలేం.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన చోటికి వద్దాం. మంత్రాలు వేయాలంటే మూలికలు కలపాలి. విషం విరగాలంటే వెల్లుల్లి, జిన్‌సెంగ్ వేర్లు కలిపి ముందే సిద్ధం చేసుకోవాలి. ఇవి అమ్మేవాళ్లు కళ్లు కనపడనివాళ్లు. నీకెన్ని కావాలో అడుగుతారు, ధర చెప్తారు. తర్వాత, ఎంత ఇస్తున్నావో నువ్వే టైప్ చేయాలి. పది నాణేలు అవ్వాల్సిన చోట ఒకటి వేసినా సరుకు వచ్చేస్తుంది. అలారం మోగదు, పోలీసులు రారు.

దీన్ని ఇప్పటి లెక్కలో చెప్తా. సాయంత్రం పూట టీ కొట్టు, ఫుల్ రష్. సౌండ్ బాక్స్ ఛార్జింగ్ అయిపోయింది. నువ్వు తాగింది పన్నెండు రూపాయల టీ. క్యూఆర్ స్కాన్ చేసి రెండు రూపాయలు కొట్టి టిక్ మార్క్ చూపించినా ఆయన అంకె చూడడు, ఇంకో గ్లాసు కడుగుతుంటాడు. అదే పరిస్థితి. మన మిర్చి టిక్కీల్లో కూడా అంతే కదా, అడుగున తాలు కాయలు కుక్కి పైన ఎర్రటి కాయలు పరిస్తే ఆ నిమిషానికి తెలియకపోవచ్చు.

గేమ్ మాత్రం రాసుకుంటుంది. నిజాయితీ, న్యాయం, గౌరవం, మూడూ ఒకేసారి పడిపోతాయి. పైగా సరిగ్గా డబ్బులు ఇచ్చినప్పుడు పెరిగేది కొంచెమే, మోసం చేసినప్పుడు తగ్గేది చాలా ఎక్కువ. నమ్మకం కూడబెట్టడానికి, పోగొట్టుకోవడానికి మధ్య తేడా 1985 కోడ్‌లోనే ఉంది.

మిగతా గుణాలూ ఇలాగే. ఊళ్లో ఎవరి పెట్టెలోనో నగలు తీసుకుంటే తగ్గుతుంది. రాక్షసుడి నుంచి పారిపోతే ధైర్యం తగ్గుతుంది. కానీ పాపం తెలియని జంతువు మీదకి వస్తే, వెంటపడి చంపకుండా పోనివ్వడమే మంచిది. వైద్యుడు రక్తం ఇస్తావా అంటే ఇచ్చినప్పుడు త్యాగం పెరుగుతుంది. నువ్వు అందరికన్నా గొప్పవాడివా అని ఎవరో మాటల్లో అడుగుతారు, అవును అంటే వినయం పోయినట్టే.

నీ స్థితి ఏంటో తెలుసుకోవాలంటే రాజు గారి కోటలో హాక్‌విండ్ అనే ద్రష్ట ఉంటాడు. ఆయన్ని అడగాలి. ఆయన కూడా నంబర్ చెప్పడు. దారి తప్పావు, ఇంకా సాధన చెయ్యి, ఈ తరహాలో మాట చెప్తాడు. సిద్ధమయ్యావని ఆయన అంటే, ఆ గుణానికి ఉన్న గుడికి వెళ్లి, మంత్రం టైప్ చేసి ధ్యానం చేయాలి. ఆధ్యాత్మికత గుడిలో మంత్రం ఏంటో తెలుసా? ఓం. అమెరికా గేమ్‌లో అక్కడ కూర్చుని ఓం టైప్ చేస్తుంటే మనకి ఒక రకంగా ఉంటుంది.

మీకు ఇప్పటికే వైకుంఠపాళి గుర్తొచ్చి ఉంటుంది. మన పరమపద సోపాన పటంలో నిచ్చెనలు సుగుణాలు, పాములు దుర్గుణాలు. ఆలోచన దగ్గర దగ్గరగా ఒకటే. కానీ అక్కడ నువ్వు నిచ్చెన ఎక్కడం పందెం మీద ఆధారపడి ఉంటుంది. పాము నోట్లో పడితే అది నీ తప్పు కాదు, గవ్వల తప్పు. ఇక్కడ గవ్వలు లేవు. పాము దగ్గరికి నువ్వే నడిచి వెళ్తావు.

ఇంతా చెప్పాక ఒక ఇంజనీర్‌గా దీనిలో లొసుగు కూడా చెప్పాలి. ఏది లెక్కపెట్టినా దాన్ని బోల్తా కొట్టించొచ్చు. బిచ్చగాడికి దానం చేస్తే దయ పెరుగుతుంది కదా, మరి అదే బిచ్చగాడి ముందు నిలబడి ఒక్కో నాణెం ఇస్తూ పోతే? పెరుగుతూనే ఉంటుంది. అది దయ కాదు, బటన్ నొక్కడం. ఆర్థికవేత్త చార్ల్స్ గుడ్‌హార్ట్ పేరు మీద ఒక సూత్రం ఉంది: ఒక కొలత మనకి లక్ష్యం అయిపోతే, అది కొలతగా పనికిరాకుండా పోతుంది. మనకి ఇది పుస్తకంలో చదవక్కర్లేదు. చదువు ఎంత వచ్చిందో చూడ్డానికి పెట్టిన ర్యాంకు కోసమే చదువు నడుస్తోంది. ఆఫీసులో ఎన్ని టికెట్లు మూసేశావు అని లెక్క పెడితే, సమస్య తీరకపోయినా టికెట్ మాత్రం మూసుకుంటుంది. అన్నదానం చేస్తూ తీసే రీల్‌కి లైకులు వస్తాయి కాబట్టి కెమెరా ఆన్ అయ్యాకే అన్నం వడ్డిస్తారు కొంతమంది.

గారియట్ గేమ్ దీన్ని పూర్తిగా తప్పించుకోలేదు. కానీ నంబర్ దాచిపెట్టడం వల్ల ఒక మేలు జరిగింది. గైడ్ చూడకుండా మొదటిసారి ఆడేవాడికి ఏ పనికి ఎంత వస్తుందో తెలియదు. అందుకని లెక్క చూసుకుని ప్రవర్తించడం కుదరదు, మామూలుగా ఎలా ఉంటాడో అలాగే ఉండాలి. అందుకే ఈ గేమ్ మొదటిసారి ఆడటం చాలా విలువైనది. రెండోసారికి లెక్క తెలిసిపోతుంది.

కోడ్‌లో ఇంకో చిన్న సంగతి. దీన్ని ఓపెన్ సోర్స్‌లో మళ్లీ రాశారు, ఎక్స్‌యూ4 అంటారు. అందులో చూస్తే ఒక్కో గుణానికి 99 దాకా వెళ్లే ఒక అంకె ఉంటుంది. 99కి చేరి, ధ్యానం కూడా పూర్తయితే, ఆ అంకె స్థానంలో సున్నా పెట్టేస్తారు. సున్నా అంటే ఇక్కడ సాధించేశాడు అని గుర్తు. ప్రోగ్రామర్‌కి అది మెమరీ పొదుపు చేసే ట్రిక్. నాకు మాత్రం, గుణం నిజంగా వచ్చాక ఇంక లెక్కతో పనిలేదు అన్నట్టు అనిపించింది. అక్కడితో అయిపోలేదు, తర్వాత ఒక్క వెధవ పని చేస్తే అది మళ్లీ ఊడిపోతుంది.

ఆడాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు. జీఓజీ సైట్‌లో ఇది ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుంది. పైరసీ జోలికి వెళ్లక్కర్లేదు. దాంతోపాటు వచ్చే పాత పుస్తకాల పీడీఎఫ్‌లు ముందు చదవండి, సగం రహస్యాలు వాటిలోనే ఉన్నాయి. దాదాపు ప్రతి అక్షరానికీ ఒక కమాండ్ ఉంటుంది కాబట్టి కీబోర్డ్ కావాలి, వట్టి ఫోన్ టచ్ మీద నరకం. ల్యాప్‌టాప్ లేకపోతే ఫ్రెండ్ దగ్గర కూర్చుని ఇద్దరూ కలిసి ఆడండి, ఒకడు టైప్ చేస్తే ఒకడు నోట్స్ రాసుకోవచ్చు. తెలుగు మీడియం వాళ్లు ఆ పాతకాలం ఇంగ్లీష్ చూసి భయపడొద్దు. మీరు అడిగే మాటలో మొదటి నాలుగు అక్షరాలే గేమ్ చూస్తుంది, స్పెల్లింగ్ చివర్లో తప్పినా పర్వాలేదు. చచ్చిపోతే రాజు లార్డ్ బ్రిటిష్ మళ్లీ బతికిస్తాడు, కంగారు లేదు. మొదటి మూడు నాలుగు గంటలు మాత్రం యూట్యూబ్‌లో వాక్‌త్రూ వెతకొద్దు, నా వీడియోతో సహా.

ఆఖరి గుహలో ఏం జరుగుతుందో నేను చెప్పను. మూలికలు అమ్మే ఆ కళ్లు లేని మనిషి ముందు కూర్చున్నప్పుడు, ఎంత ఇస్తావు అని అడిగితే, మీ వేలు ఏ అంకె మీదకి వెళ్లిందో మీకే తెలియాలి. అది నాకు చెప్పక్కర్లేదు.

సరే మరి, ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.