కోడిమాంసం కడగడం - శుభ్రతా? ప్రమాదమా?

పచ్చి కోడిమాంసాన్ని ఉప్పు, పసుపు వేసి పలుమార్లు కడగడం తెలుగువారి వంటిళ్లలో పరిపాటి. దీనివలన రక్తం, ఈకల తునకలు తొలగుతాయి గానీ సాల్మొనెల్లా, కాంపైలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు పూర్తిగా పోవు. కుళాయి తుంపరలతో సింకుకు, గట్టుకు వ్యాపిస్తాయి.

అమెరికా వ్యవసాయ శాఖ 2019లో వెల్లడించిన అధ్యయనంలో, మాంసం కడిగినవారిలో 26 శాతం మంది సలాడ్ కలుషితమైంది. కడగనివారిలోనూ అది 31 శాతం! చేతులు సరిగా కడుగుకోకపోవడమే ఇందుకు కారణమని భావించారు.

కనుక 'కడగవద్దు' అన్న సలహా ఒక్కటే చాలదు. పచ్చిగా తినే ఉల్లి, నిమ్మ ముక్కలను మాంసం ముట్టకముందే కోసుకోవాలి. కడగక తప్పదనుకుంటే ధార కింద కాక, గిన్నెలోని నీటిలో మెల్లగా కడగాలి. పిదప చేతులను, కత్తిని, సింకును సబ్బుతో శుభ్రపరచాలి. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ వేడి చేరేలా ఉడికించడమే అసలైన రక్షణ.