జయాపజయములు లేని క్రీడ

గెలుపోటములు లేనిది క్రీడ యెట్లగునని యొక మిత్రుఁడు నన్నడిగెను. దీనికి ధాతుపాఠమే సమాధానము. 'దివు' ధాతువునకుఁ జెప్పిన పది యర్థములలో మొదటిది క్రీడ. విజిగీష దాని పిదప వేఱుగాఁ బఠింపఁబడినది. రెండును నొక్కటియే యైనచోఁ బునరుక్తి యగును. (మోదమును, స్వప్నమును నా పదింటిలోనివే!)

ఆస్ట్రేలియాలోని బ్రిస్బేను నగరమందలి విచ్ బీమ్ అను చిన్నసంస్థ 2021లో వెలువరించిన 'అన్‌ప్యాకింగ్' అను వీడియోక్రీడ యిందులకు లక్ష్యము. నా కుమార్తె చూపఁగాఁ జూచితిని. ఒక స్త్రీ 1997 మొదలు 2018 వఱకు ఎనిమిది నివాసములలోఁ బ్రవేశించును. పెట్టెలలోని సామానుఁ దీసి తగినచోట నుంచుటయే యాడువారి పని. కాలనియమము లేదు, ప్రత్యర్థి లేఁడు. పెట్టెలన్నియు వట్టివైన పిదపఁ దప్పుచోటనున్న వస్తువుచుట్టు ఎఱ్ఱగీఁత కనఁబడును, సవరించినఁ జాలును. అదియు వలదన్నవారికి దానిని మాన్పు నేర్పాటును గలదు.

ఇది వట్టి కాలక్షేపమనరాదు. రసప్రతీతికి విఘ్నములు తొలఁగవలయునని యభినవగుప్తుఁడు చెప్పెను. ఓటమిభయ మట్టి విఘ్నమే. 2010లో నామె ప్రియుని యింటఁ జేరును. అంతటను నతని వస్తువులే. ఆమె పట్టాకు గోడపైఁ జోటు దొరకదు. తుదకు మంచముక్రింద నుంచవలసివచ్చును. గడియారము తఱుముచున్నచో దాని నెచ్చటనో త్రోసి ముందునకుఁ బోయెడివారము. తీఱిక యున్నందున, పట్టాను జేతఁబట్టుకొని గదియంతయు వెదకితిమి. 2012లో నామె తల్లిదండ్రుల యింటికి మరలివచ్చినపుడు మా కాశ్చర్యము కలుగలేదు.