చేలో రంగు, చేతిలో కలం



స్వర్ణముఖి గట్టున శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో బొమ్మలు వేస్తారన్న సంగతి మీరెరిగినదే. అది చిత్రకారుల పని, మనకేమి సంబంధం అనుకోవచ్చు. కాని ఆలోచించి చూడండి. గుడ్డ ప్రత్తిచేలోది. పాలు బర్రెవి. బెల్లం గానుగది. బొగ్గు చింతపుల్లది. నలుపుకూ పసుపుకూ కరక్కాయ చెట్టు, నీలానికి నీలిమొక్క. అంతా మన సరుకే. కాబట్టి ఆ పని ఎట్లా సాగేదీ ఈ పూట మనవి చేస్తాను.

చలవ చేయని ముతక నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉతుకుతారు. పేడనీళ్లలో నానవేసి, ఎండలో ఆరవేసి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన బర్రెపాలలో ముంచి, పిండి, ఆరబెడతారు. పాలెందుకంటారా? పాలలోని వెన్న రంగును పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది.

ఇక కలం. వెదురుపుల్లనో ఈతపుల్లనో మొనదేల్చి, మొనకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగు పీల్చుకుంటుంది. వేలితో నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. చింతబొగ్గుతో గీత గీసుకొని, దానిపై నల్లరంగు దిద్దుతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి సుమారు 3 వారాలు పులియబెడితే ఆ రంగు తయారు. కుండలో ఉన్నప్పుడు అది అంత నల్లగా ఉండదు. గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది.

ఎరుపు కావలసిన చోట పటికనీళ్లు పూసి, గుడ్డను చిరువేరు వంటి ఎర్రరంగు వేళ్లతో ఉడికిస్తారు. పటిక పడినచోటే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు కరక్కాయ పువ్వు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ మధ్య పారే నీటిలో జాడించవలె. నిలవనీటిలో ఉతికితే వదిలిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుంటుంది. ఏటిలో నీళ్లు లేకపోతే రైతుకెంత కష్టమో, కలంకారీ పనివారికీ అంతే కష్టం.

ఈ విద్య ఒకప్పుడు అంతరించే స్థితికి వచ్చింది. 1950ల చివరలో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ మొదలై మళ్లీ నిలదొక్కుకున్నది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2008లో జొన్నలగడ్డ గురప్పచెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. అయినా కష్టం తీరలేదు. యంత్రంపై అచ్చువేసిన గుడ్డను కలంకారీ అని చవకగా అమ్ముతున్నారు. నెలల తరబడి వంగి చేసిన పని దానితో ధరలో ఎట్లా పోటీపడుతుంది?

అందుచేత మూడు మాటలు మనసులో ఉంచుకోండి.

ఒకటి: కొనేటప్పుడు పరీక్షించండి. చేతిగీత ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఒకే బొమ్మ రెండుసార్లు ఉంటే రెండూ అచ్చంగా ఒకటిగా ఉండవు. అన్నీ ఒకే పోతగా ఉంటే అది అచ్చుపని. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో వేసే కలంకారీ వేరే సంప్రదాయం. దానిని నకిలీ అనరాదు.

రెండు: రంగుపంట మీద ఆశపడి, కొనేవాడెవరో తెలియకుండా విత్తనం చల్లకండి. కడప సీమలో ఒకనాడు నీలి సాగు జోరుగా ఉండేది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి బజారుకు వచ్చాక ఆ సాగు కుప్పకూలింది. ఆ పాఠం మరువరాదు. అయితే నీలి పప్పుజాతి మొక్క. నేలకు బలమిస్తుంది. రంగు తీసిన తరువాత మిగిలిన ఆకు కూడా ఎరువే. బేరం ముందుగా కుదిరితే కొద్ది చెక్కలో వేసి చూడవచ్చు.

మూడు: ఈ మాట విస్తరణ సిబ్బందికి. రంగు పండించేవారినీ, రంగు వాడేవారినీ విత్తే ముందే ఒకచోట కూర్చోబెట్టండి. ఎంత కావలె, ఏ ధరకు, ఎప్పుడు అన్నది కాగితం మీద రాయించండి. కరక్కాయ ఏరేవారికి అటవీశాఖ నిబంధనలు చెప్పండి. కాయకోసం కొమ్మ నరికితే మరుసటి ఏడు కాయా ఉండదు, రంగూ ఉండదు.

చేను బాగుంటే కలం నడుస్తుంది. కలం నడిస్తే చేలోని ఆకుకూ, అడవిలోని కాయకూ విలువ వస్తుంది. ఈ సంగతి ఇంట్లో నలుగురితోనూ చెప్పుకోండి.