మీకు తెలుసా? పొట్టలో కొవ్వు, నడుంలో డిస్కు

ఒళ్లు పెరిగితే నడుం నొప్పి వస్తుందని అందరికీ తెలుసు. మోత ఎక్కువై డిస్కు నలుగుతుందనుకుంటాం. అదీ నిజమే. కానీ కొవ్వు నుంచి ఊరే హార్మోన్లు కూడా డిస్కు కణాల మీద పనిచేస్తాయి.

● మన వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కో డిస్కుకు చుట్టూ గట్టి పట్టీ, మధ్యలో తాటిముంజెలాంటి మెత్తని గుజ్జు. వయసులో ఉన్నప్పుడు ఆ గుజ్జులో దాదాపు 80 శాతం నీరే. పగలంతా ఒత్తిడికి కొంత నీరు బయటికి పోతుంది, రాత్రి పడుకున్నాక తిరిగి చేరుతుంది. అందుకే పొద్దున లేచినప్పుడు కాస్త పొడుగ్గా ఉంటాం.

● ఆ గుజ్జులోకి రక్తనాళాలు వెళ్లవు. ఆక్సిజనైనా గ్లూకోజైనా పైనా కిందా ఉన్న పూసల అంచుల్లోంచి మెల్లగా ఇంకుతూ రావాల్సిందే. డిస్కు ఒకసారి దెబ్బతింటే తేలిగ్గా కోలుకోకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

● కొవ్వును ఒకప్పుడు ఒట్టి నిల్వ సరుకుగానే చూసేవారు. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ జన్యువును కనిపెట్టాక ఆ అభిప్రాయం మారిపోయింది. ఒంట్లో కొవ్వు ఎంతుందో మెదడుకు తెలిపే హార్మోను లెప్టిన్. కొవ్వు పెరిగినకొద్దీ రక్తంలో అదీ పెరుగుతుంది.

● ఈ లెప్టిన్‌ను అందుకునే గ్రాహకాలు డిస్కు కణాల మీద కూడా ఉన్నాయి. ప్రయోగశాలలో గుజ్జు కణాలకు లెప్టిన్ తగిలిస్తే, డిస్కును లోపలి నుంచి కరిగించే ఎంజైములు ఎక్కువయ్యాయి. కొల్లాజెన్, అగ్రెకాన్ తగ్గాయి. గుజ్జులో నీటిని పట్టి ఉంచేది ఈ అగ్రెకానే. అది తగ్గితే డిస్కు ఎండి, పలచబడుతుంది.

● 2001లో బయటపడ్డ రెసిస్టిన్ అనే హార్మోనుదీ ఇదే దారి. మనుషుల్లో ఇది ఎక్కువగా రోగనిరోధక కణాల నుంచి వస్తుంది. డిస్కు కణాల్లో ఇదీ అగ్రెకాన్‌ను తెగ్గొట్టే ఎంజైమును పెంచుతుంది.

● మేలు చేసే హార్మోనూ ఉంది. ఎడిపోనెక్టిన్ డిస్కు కణాల్లో ఇన్‌ఫ్లమేషన్‌ను చల్లారుస్తుందని ప్రయోగాల్లో తేలింది. చిత్రమేమిటంటే, కొవ్వు నుంచే వచ్చే ఈ హార్మోను, కొవ్వు పెరిగినకొద్దీ తగ్గిపోతుంది.

● స్థూలకాయుల్లో చేతివేళ్ల కీళ్లు కూడా ఎక్కువగా అరుగుతాయి. వేళ్లు ఒంటి బరువు మోయవు కదా! అరుగుదలకు మోత ఒక్కటే కారణం కాదనడానికి ఇదో ఆధారం.

● హాంకాంగ్‌లో 2,599 మందికి ఎంఆర్‌ఐ తీసిన అధ్యయనం 2012లో వెలువడింది. అధిక బరువు, స్థూలకాయం ఉన్నవారిలో నడుం డిస్కుల అరుగుదల ఎక్కువగానూ తీవ్రంగానూ కనిపించింది.

● అలాగని తప్పంతా హార్మోన్లదే అనలేం. వయసు, వంశం, పొగతాగడం కూడా డిస్కును దెబ్బతీస్తాయి. పైగా హార్మోన్ల గురించి తెలిసినదంతా చాలావరకు ప్రయోగశాల కణాల్లోనూ జంతువుల్లోనూ చూసిందే. ఎంఆర్‌ఐలో డిస్కు అరిగినట్టు కనిపించినా నొప్పే లేనివాళ్లు చాలామంది ఉన్నారు.

● భారతీయులకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూసే సూచీ) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుం చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

అరిగిన డిస్కు బరువు తగ్గినంత మాత్రాన కొత్తది కాదు. అయినా మోత తగ్గుతుంది, లెప్టిన్ కూడా తగ్గుతుంది. కాబట్టి నడుం పట్టేసిందని పరుపు మార్చే ముందు, ఓసారి టేపు తీసి పొట్ట కొలుచుకోండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.