గ్యారేజీలో గోల్ఫు మైదానం

మన కళాశాలలో చదివి, నేడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకరు క్రిందటి సెలవులలో వచ్చి మమ్ము కలుసుకొన్నారు. కుశల ప్రశ్నలైన పిమ్మట, "సార్, రెండేళ్లు కూడబెట్టిన సొమ్ముతో ఇంట్లోనే గోల్ఫు ఆడుకొనే ఏర్పాటు చేసుకొన్నాను. యంత్రం వచ్చింది, తెర వచ్చింది, ప్రొజెక్టరు వచ్చింది. తీరా కర్ర పైకెత్తితే గ్యారేజీ కప్పుకు తగిలింది" అని నవ్వబోయి నవ్వలేక పోయారు. కప్పు ఎత్తు ఎనిమిది అడుగులే. సామగ్రి అంతా కొన్న తరువాతనే ఆయన టేపు పట్టి కొలిచారట.

మేము తెలుగు బోధించే వారము. గోల్ఫు కర్రను చేత పట్టి ఎరుగము. అయినను ఆ మాట మమ్ము వదలలేదు. భౌతికశాస్త్ర శాఖ మిత్రులను అడిగి, లభించిన గ్రంథాలు తిరగవేసి తెలుసుకొన్న సంగతులను విద్యార్థుల ఎదుట, కళాశాల సంఘం పెద్దల ఎదుట ఉంచుతున్నాము.

గోల్ఫు విశాలమైన నేలను కోరే ఆట. 18 గుంటలు గల పూర్తి మైదానానికి సాధారణంగా నూరు ఎకరాలకు పైగా భూమి కావాలి. మన దేశానికి ఈ ఆట కొత్తది కాదు; కలకత్తాలో 1829లోనే గోల్ఫు క్లబ్బు వెలసింది. హైదరాబాదులో గోల్కొండ కోట చెంత నయాఖిలా ప్రాంతంలో నేడు ఒక మైదానం ఉన్నది. అంతటి మైదానాన్ని కారు నిలిపే గదిలోనికి తేవడం ఎట్లా సాధ్యమయింది?

రహస్యం ఇది. కర్ర దెబ్బ తగిలిన బంతి ఎక్కడ పడునో, అది బయలుదేరిన క్షణంలోనే చాలవరకు నిర్ణయమై పోతుంది. దాని వేగం, పైకి లేచిన కోణం, కుడి ఎడమల దిశ, తన చుట్టూ తాను తిరిగే వేగం, ఆ భ్రమణాక్షం వంపు - ఈ అయిదు సంగతులు తెలిస్తే మిగిలిన ప్రయాణాన్ని లెక్క కట్టవచ్చు. బిళ్లంగోడు ఆడే పిల్లవాడు బిళ్ల లేచిన తీరు చూచి అది పడబోయే చోటికి పరుగెత్తుతాడు గదా! వాడు కంటితో చేసే పనినే ఈ యంత్రం అంకెలతో చేస్తుంది.

కొలిచే యంత్రాలు రెండు విధాలు. మొదటిది రాడార్. రైలు మనవైపు వస్తున్నప్పుడు కూత హెచ్చు స్థాయిలోను, దాటిపోయిన వెంటనే తగ్గు స్థాయిలోను వినబడడం మన అందరికీ అనుభవమే. ఈ మార్పులోని సూత్రాన్ని 1842లో డాప్లర్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. రాడార్ పంపిన తరంగాలు పరుగెత్తే బంతిని తాకి తిరిగి వచ్చేటప్పటికి వాటి పౌనఃపున్యం మారుతుంది; ఆ మార్పును బట్టి వేగం తెలుస్తుంది. రెండవది కెమెరా. కర్ర తాకిన మరుక్షణమే అతి వేగంగా వరుస చిత్రాలు తీసి, బంతి ఎంత జరిగినదీ, ఎంత తిరిగినదీ పోల్చి చూస్తుంది. ఈ విద్యకు మూలమైన దృష్టిశాస్త్రానికి పదకొండవ శతాబ్దంలోనే గట్టి పునాది వేసినవాడు బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ అని మన విద్యార్థులు మరువరాదు.

ఇంతకూ యంత్రానికి దొరికే వ్యవధి ఎంత? బంతి సెకనుకు 60 మీటర్ల వేగంతో బయలుదేరినదనుకొందాము. తెర 3 మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి చేరడానికి పట్టేది సెకనులో ఇరవయ్యవ వంతు. బంతి నిమిషానికి 2700 సార్లు తిరుగుతున్నదంటే, ఆ లోపల అది రెండున్నర చుట్లయినా తిరగదు. ఆ కొద్దిపాటి ఆధారంతోనే తీర్పు చెప్పాలి. గదిలో రాడారుకు కనబడే ప్రయాణం స్వల్పం గనుక, భ్రమణం సరిగా పట్టుబడడానికి కొందరు బంతికి లోహపు చుక్క అంటిస్తారు.

భ్రమణానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? సెకనుకు 60 మీటర్ల వేగంతో, 12 డిగ్రీల కోణంలో వెళ్లే వస్తువు గాలి లేనిచోట సుమారు 149 మీటర్ల దూరంలో పడుతుందని పాఠ్యపుస్తక సూత్రం చెబుతుంది. గాలి అడ్డు తగిలితే ఇంకా తగ్గవలసి ఉండగా, చక్కగా కొట్టిన గోల్ఫు బంతి అంతకు మించి పోతుంది! వెనుకకు తిరుగుతూ పోయే బంతిని గాలి పైకి మోస్తుంది. స్కాట్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ గత్రీ టైట్ 1890ల నాటి పరిశోధనలలో ఈ సంగతిని వివరించాడు. భ్రమణం తప్పుగా కొలిచిన యంత్రం తెరపై చూపే దూరం కూడ తప్పే.

ఇక గది మాట. ఎత్తు తొమ్మిది అడుగులు కనీసం, పదయితే నిశ్చింత. పొడుగరి అయినచో తన పొడవైన కర్రతో మెల్లగా ఊపి చూచుకోవాలి. తెర వెనుక గోడకు ఒక అడుగు ఎడముండాలి. తెర బిర్రుగా ఉన్నా, గోడకు ఆనుకొని ఉన్నా బంతి ఎదురు తిరిగి ఆడేవాని ముఖానికే తగులవచ్చు. తెర నుండి బంతికి పది అడుగులు, బంతి వెనుక రాడారుకు ఎనిమిది అడుగులు - వెరసి దాదాపు ఇరవై అడుగుల పొడవు. కెమెరా యంత్రం బంతి ప్రక్కనే కూర్చొంటుంది గనుక పొడవు కొంత తగ్గినా చెల్లుతుంది. ప్రొజెక్టరు దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే నిష్పత్తిని కొనేముందే చూడాలి. పది అడుగుల బొమ్మకు నిష్పత్తి 1.2 అయితే అది పన్నెండు అడుగుల దూరాన, ఆటగాని వెనుక నిలిచి అతని నీడను తెరపై వేస్తుంది, 0.8 అయితే ఎనిమిది అడుగులు చాలును. కాళ్ల క్రింది చాప మరీ గట్టిదైతే మణికట్టు, మోచేయి నొప్పి చేస్తాయి.

యంత్రం ధర కొన్ని వందల డాలర్ల నుండి ఇరవై వేల డాలర్లు దాటేవరకు ఉన్నది. అయితే మా పూర్వ విద్యార్థిని బాధించినది ధర కాదు, వరుస తప్పడం. పద్యం వ్రాసేవాడు మొదట గణాలు చూచుకొంటాడు. మాటలు ఎంత అందమైనవైనా గణం కుదరకపోతే పద్యం నిలువదు. గది కొలత గణం వంటిది. సామగ్రి మాటల వంటిది. ఆయన మాటలు ముందు కొని, గణం తరువాత చూచుకొన్నారు. ఇప్పుడు పొట్టి కర్రలతో మాత్రం ఆడుకొంటున్నారు.

ఇది ధనికుల ఆట, మనకేమి ప్రయోజనమని ఎవరైనా అడుగవచ్చు. ఆటను మనం కొనలేకపోవచ్చు. అందులోని విద్య మాత్రం మన చేతిలోనే ఉన్నది. నేటి చేతిఫోన్లలో అనేకం సెకనుకు 240 చిత్రాలు తీయగలవు. మన మైదానపు గోడపై సున్నంతో అడుగడుగునా గీతలు గీసి, ఆ గోడ వెంబడే క్రికెట్ బంతి వేయించి, ప్రక్కనుండి చిత్రం తీయండి. ఒక చిత్రం నుండి మరొక చిత్రానికి బంతి 10 సెంటీమీటర్లు జరిగితే వేగం సెకనుకు 24 మీటర్లు, అనగా గంటకు 86 కిలోమీటర్లకు పైమాట. గోడకు కొంత ఎడంగా పోయే బంతి కొలత కాస్త తప్పుతుంది. ఎంత తప్పుతుందో కనుగొనడమే విద్యార్థులకు రెండవ పాఠం.

కళాశాల సంఘం వారికి మా విన్నపం ఒక్కటే. కొత్త ప్రయోగశాలకైనా, ఆటల గదికైనా సామాను జాబితా వ్రాయకముందు ఒక టేపు తెప్పించండి. ఆ టేపు రెండవ కొనను మన విద్యార్థుల చేత పట్టించండి.