ఇంటిగోడలోని తేనెటీగలను చంపక పెట్టెలోనికి మార్చు విధము

మట్టిగోడల నెఱ్ఱెలలోను, దూలమునకును గోడకును నడుమనుండు సందులలోను తేనెటీగలు పట్టు పెట్టుట పల్లెలలో సామాన్యము. అట్టియెడ రైతులు పెక్కుమంది రాత్రివేళ దివిటీతో కాల్చుదురు. లేదా రంధ్రమును మట్టితో మూయుదురు. రెండును నష్టకరములే. లోపల చచ్చిన యీగలును పిల్లపురుగులును కుళ్లి దుర్గంధము పుట్టును. కాచువారు లేని పట్టునుండి తేనె గోడవెంట కారును. దానికై చీమలును ఎలుకలును చేరును. మఱియు గుమ్మడి, దోస మొదలగు పాదులలో మగపూవు పుప్పొడిని ఆడుపూవునకు చేర్చువానిలో ఈ యీగలు ముఖ్యములు. వానిని కాల్చినవాడు తన కాపునే తగ్గించుకొనును.

మొదట జాతిని గుర్తింపవలయును. చీకటి సందులో మైనపు పలకలను ఒకదాని ప్రక్క నొకటిగా కట్టునది పెట్టెలో పెంపదగిన జాతి. ఆరుబయట ఒకే పెద్దపట్టు వ్రేలాడగట్టు పెద్దయీగ వేఱు. అది పెట్టెలో నిలువదు, గుంపుగా వెంటబడి కుట్టును. దాని జోలికి పోరాదు.

పూలు విరివిగానున్న కాలమున, వాన లేని దినమున, ప్రొద్దు గ్రుంకుటకు రెండు గడియల ముందు పని ఆరంభింపవలయును. 7 చట్రముల న్యూటన్ పెట్టె ఇందులకు చాలును. ముఖమునకు వల కట్టుకొని, గోనెపీలికల పొగను రంధ్రములోనికి కొద్దికొద్దిగా ఊదవలయును. పొగ తగిలిన యీగ కడుపునిండ తేనె త్రాగి మందగించును. కుట్టిన యీగ విడుచు వాసన తక్కినవానిని రేపకుండ ఆ పొగయే కప్పును. పొగ మిక్కుటమైనచో ఈగలు గోడ లోతునకు పాఱిపోవును.

రంధ్రమును మెల్లగా వెడల్పు చేసి పలకల నొక్కొక్కటిగా కోయవలయును. తేనె పలకలను మూతగల పాత్రలో వేఱుగా నుంచవలయును. గ్రుడ్లును పిల్లలును గల పలకలను మాత్రము, గోడలో నున్నట్లే పైఅంచు పైకి వచ్చునట్లు, తడిపిన అరటినారతో చట్రములకు కట్టవలయును. కొన్ని దినములలో ఈగలే మైనముతో పలకను చట్రమునకు అతికించి, నారను కొఱికి వెలుపల పాఱవేయును. పెట్టెలో ఈగలను నిలుపునవి ఈ పిల్లలే. ఆశకొలది పిల్లపలకలను గూడ పిండువారు కలరు. వారికి దక్కు తేనె త్వరలో పులియును, ఈగలు దక్కవు.

పొడవైన కడుపుగల రాణి కనబడినచో నలుగకుండ పెట్టెలో విడువవలయును. ఆమె చేరిన వెనుక తక్కినవి తామే వచ్చును. రాణి చచ్చినను నిరాశపడ నక్కఱలేదు. గ్రుడ్లును 3 దినములు దాటని పురుగులును ఉన్నచో ఈగలు వేఱొక రాణిని పెంచుకొనగలవు. మన యీగ చిన్న అలజడికే లేచిపోవు స్వభావము గలది. కావున కూలియీగ మాత్రమే దూఱగల ద్వారపు రేకును 4 దినముల వఱకు తీయరాదు; క్రొత్త రాణిని పెంచుచున్న పెట్టెకు దీనిని పెట్టరాదు.

ఆ రాత్రి పెట్టె ద్వారమును పాతరంధ్రము దగ్గఱనే యుంచి, ఈగలన్నియు చేరిన పిమ్మట మూసి, 2 మైళ్లకు పైబడిన చోటికి తీసికొనిపోవలయును. నూఱు గజముల దూరమున నుంచినచో మేతకు పోయినవి మరల గోడకే వచ్చును. పెరటిలోనే యుంచదలచినవారు దినమునకు ఒకటి రెండడుగులు మాత్రమే జరుపవలయును. పెట్టె కాళ్లక్రింద నీటిగిన్నె లుంచినచో చీమలు ఎక్కవు.

కుట్టిన ముల్లును వెంటనే గోటితో గీకి తీయవలయును. ఊపిరి ఆడకున్నను, ముఖము వాచినను తడయక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

గోడసందులో మిగిలిన మైనమును గీకి, సున్నము కొట్టి, పూర్తిగా పూడ్చవలయును. లేనిచో ఆ వాసనకు వేఱొక గుంపు అచ్చటనే దిగును.