శాస్త్రానువాదము – సందర్భము

పాత వాల్వు రేడియోల వెనుక రెండు రంధ్రములుండెడివి. ఒకదాని చెంత 'ఏరియల్' అనియు, రెండవదాని చెంత 'ఎర్త్' అనియు వ్రాసియుండెడిది. నిఘంటువు తెరచినచో 'ఎర్త్' అనగా భూమి, మన్ను అని కనబడును. అయినను ఆ రంధ్రమున మన్ను పోయవలెనని ఎవరును అనువదింపరు. అచటి నుండి ఒక తీగ పోయి నేలలో పాతిన లోహపు కడ్డీని చేరునని ఎరుగుదురు గనుక. 'భూసంపర్కము' అను మాట ఆ ఎరుక నుండియే పుట్టినది.

'వాల్వు' సంగతి మరింత చిత్రమైనది. 1904లో ఫ్లెమింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నిర్మించిన సాధనము విద్యుత్తును ఒకే దిక్కుగా పోనిచ్చునది. కావున దానికా పేరు. మన గుండెలోని వాల్వులును రక్తమును ఒకే దిక్కునకు పోనిచ్చును. వానిని తెలుగున కవాటములందుము. మరి రేడియో వాల్వును కూడ కవాటమనవచ్చునా? పని ఒక్కటే గదా యనిపించును. కాని తరువాత వచ్చిన వాల్వులు బలహీనమైన సంకేతమును వృద్ధిచేయుటకును ఉపయోగపడినవి. అచట తలుపు పోలిక చాలదు. పైగా అమెరికావారు ఆ వస్తువునే 'ట్యూబు' అనిరి. యంత్రమును చూడని అనువాదకుడు ఒకచోట కవాటమనియు, వేరొకచోట గొట్టమనియు వ్రాసినచో, చదువరి అవి రెండు వేరు వస్తువులని తలచుట సహజమే.

ఇవి నవ్వి ఊరకుండదగిన పొరపాట్లు. అన్నియు అట్టివి కావు. జర్మనీలోని బెర్లిన్ నగరమున 2006–2007 సంవత్సరములలో ఒక ఆసుపత్రియందు 47 మందికి కృత్రిమపు మోకాలి కీళ్ళు అమర్చిరి. వాని పెట్టెలపై ఇంగ్లీషున 'నాన్-మాడ్యులర్ సిమెంటెడ్' అని ఉండెను. 'మాడ్యులర్' అనగా విడి భాగములుగా కూర్చదగినది. కావున ఆ మాటలకు, విడి భాగములుగా కూర్చదగనిది, ఎముకకు సిమెంటుతో అతుకవలసినది అని అర్థము. కాని 'నాన్' అనునది సిమెంటుకు వర్తించునని భ్రమించి, సిమెంటు అక్కరలేనిదిగా గ్రహించిరి. సిమెంటుతో అతుకవలసిన కీలు అది లేకయే అమర్చబడెను! అట్లు అమర్చిన కీలు ఎముకను గట్టిగా పట్టియుండక సడలిపోవచ్చును. ఆ మూడు మాటలలో నిఘంటువున దొరకనిది ఒక్కటియు లేదు. ఏ కీలును ఎట్లు బిగింతురో ఎరిగినవాడు మాత్రము ఒక్క క్షణము ఆగి ప్రశ్నించియుండును.

మన భాషలోను ఈ చిక్కు కలదు. 'పవర్' భౌతికశాస్త్రమున సామర్థ్యము, గణితమున ఘాతము, న్యాయశాస్త్రమున అధికారము. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశములను శాస్త్రము వారీగా విడివిడిగా వెలువరించుట ఎంతయు సబబు. అయితే పదకోశము చేత నుండినను, వస్తువు కంట బడవలెను. పంపుసెట్టుతో వచ్చు పత్రమున 'ప్రైమింగ్' అనగా ముందుగా నీరు పోసి లోని గాలిని వెడలగొట్టుట. గోడలకు రంగు వేయువారికి అదే మాట తొలిపూత. ఈ భేదమును మోటార్లు బాగుచేయువాడు ఇట్టే చెప్పగలడు. అచ్చుకు పంపక మునుపు ఆ పత్రమును అట్టివానికి ఒకసారి చదివి వినిపించుట మేలని మా తలంపు.